జేమ్స్ బనానా ఎవరు?

జేమ్స్ బనానా అనే సంగీత దర్శకుడి పేరు మీరు విని ఉండరు. విననందుకు నొచ్చుకోవలసిన పనేమీ లేదు. అలాంటి మనిషి ఈ భూప్రపంచంలో ఎక్కడా పుట్టలేదు. పేరు మాత్రం ఉంది! 1986 సెప్టెంబరులో జపానులోని కొనామీ కంపెనీ విడుదల చేసిన ఒక వీడియో గేమ్‌లో, చిట్టచివరి దాకా ఆడి గెలిచినవాళ్ళకి మాత్రమే కనిపించే పేర్ల పట్టీలో, సంగీతం అన్నచోట ఈయనగారే కొలువై ఉన్నారు.

ఆ ఆటని జపానులో 'అకుమాజో డ్రాకులా' అన్నారు. మరుసటి ఏడాది అమెరికా వెళ్ళి 'కాసిల్‌వేనియా' అయింది. కథ మనకి కొత్తదేం కాదు. మాయల ఫకీరు కోటలోకి బాలవర్ధిరాజు వెళ్ళినట్టే, ఇక్కడ ఒక వీరుడు కొరడా పట్టుకుని డ్రాకులా కోటలోకి వెళతాడు. ఫకీరుకి బదులు రక్తం తాగే జమీందారు, అంతే తేడా.

ఆ కోటకి సంగీతం కట్టిందెవరయ్యా అంటే, ఆ ఏడాదే ఒసాకా ఎలక్ట్రో-కమ్యూనికేషన్ యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్ చదువు ముగించుకుని ఉద్యోగంలో చేరిన కినుయో యమాషితా అనే అమ్మాయి. ఆమెతో పాటు ఆ పనిలో చెయ్యి వేసిన మరో అమ్మాయి సతోయే తెరాషిమా. ఇద్దరి పేర్లూ ఆ పట్టీలో లేవు. 1958లో వచ్చిన ఇంగ్లీషు 'డ్రాకులా' సినిమాకి సంగీతం చేసినాయన జేమ్స్ బెర్నార్డ్. ఆయన పేరుని ఆటపట్టించి, 'బనానా' అని తోక తగిలించి, వీళ్ళ కష్టం మీద అతికించారు. 'కినుయో' అని రాసే అక్షరాల్లో మొదటిదానికి జపాను భాషలో పట్టు అని అర్థం. పట్టులాంటి పేరున్న పిల్ల అరటిపండై కూర్చుంది!

అప్పట్లో ఆటల కంపెనీలకి ఒక భయం ఉండేది. మంచి పనివాడి పేరు బయటికి పొక్కితే పక్క కంపెనీవాడు నాలుగు రూపాయలు ఎక్కువ చూపించి ఎగరేసుకుపోతాడని. అందుకని మగవాళ్ళ పేర్లూ దాచారు. ఆ డ్రాకులా ఆట పట్టీ అంతా పాత దయ్యాల సినిమాలవాళ్ళ పేర్లని వంకర చేసి పెట్టినవే. 1985లో వచ్చిన 'సూపర్ మారియో బ్రదర్స్'కి సంగీతం కూర్చిన కోజీ కొండో పేరు కూడా ఆ ఆటలో ఎక్కడా కనిపించదు. అమెరికాలో అటారీ కంపెనీదీ ఇదే తంతు. అక్కడ వారెన్ రాబినెట్ అనే ఆయనకి కడుపు మండి, 1980లో వచ్చిన 'అడ్వెంచర్' ఆటలో ఎవరికీ చెప్పకుండా ఒక రహస్యపు గది కట్టి అందులో తన పేరు రాసుకున్నాడు. కనక ఇది కేవలం ఆడవాళ్ళని తొక్కెయ్యడానికి పన్నిన కుట్ర అని నేను కేకలు వెయ్యబోవడం లేదు. కానీ మారుపేరే పెట్టదలిస్తే ఆడపేరు దొరక్కపోయిందా? 'జేమ్స్' అని చదివినవాడు మీసాలున్న మనిషినే ఊహించుకుంటాడు.

మన వారపత్రికల్లో ఇదే సంగతి తలకిందులుగా జరగడం విచిత్రం. 1960, 70లలో రచయిత్రుల నవలలకి గిరాకీ వచ్చాక కొందరు మగవారు ఆడపేర్ల చాటున చేరారు. 'ఆంధ్రజ్యోతి' వారపత్రికలో పురాణం సీత పేరుతో వచ్చిన 'ఇల్లాలి ముచ్చట్లు' చదివి, అచ్చం మన మనసులో మాటే అని మురిసిన ఇల్లాళ్ళెందరో! రాసింది పురాణం సుబ్రహ్మణ్యశర్మగారు. బీనాదేవి అన్న పేరు వెనక భార్యాభర్తలిద్దరు. అవి వారు కోరి కప్పుకున్న ముసుగులు, సరదా తీరాక తీసి నవ్వగలిగారు. ఉద్యోగంలో చేరి ఏడాది తిరగని పిల్లకి, ముసుగు కావాలో అక్కర్లేదో ఎంచుకునే హోదా ఎక్కడుంటుంది?

సరే, ఇక సంగీతం సంగతి. "బీప్ బీప్‌మనే ఆటబొమ్మ చప్పుడుకి కూడా సమీక్షా?" అన్నారు మావారు. ఆయన ఘంటసాల భక్తులు. "మీ ఘంటసాలగారి పాట మూడు నిమిషాల్లో ముగిసేది ఎందుకో తెలుసా, గ్రామఫోను ప్లేటు ఒక వైపున అంతకంటే పట్టదు గనక" అన్నాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. యంత్రం గీసిన గీతలో ఒదిగి, ఆ గీత ఉన్నట్టే తెలియకుండా పాడడం పాటకి కొత్త కాదు. ఇక్కడి గీత ఇంకాస్త ఇరుకు.

నింటెండో వారి ఆ ఆటపెట్టెలో సంగీతానికి ఉన్నవి ఐదే గొంతులు. రాగం పలకడానికి రెండు. అడుగు స్వరం పట్టడానికి ఒకటి. గాలి వీచినట్టు 'ఉష్షు'మనేది ఒకటి, దాన్నే ముక్కలుగా కోసి తాళం వాయించుకోవాలి. ముందే రికార్డు చేసిన చిన్న చిన్న చప్పుళ్ళని వినిపించడానికి మరొకటి. రాగం పలికే గొంతు ఒక్కోటీ ఒక్కసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. పైగా వీరుడు కొరడా ఝళిపించినా, దెబ్బ తిన్నా ఆ చప్పుడు కూడా ఈ గొంతుల్లోంచే రావాలి. అంటే కచేరీ మధ్యలో పక్క వాయిద్యం ఆయన్ని లేపి, "కాస్త ఆ తలుపు దడాలున వేసి రండి" అని పంపినట్టు! స్వరాలు సరిగమల్లో రాసుకున్నా, పియానో మీద వాయించుకున్నా, చివరికి అన్నీ అంకెలుగా మార్చి యంత్రానికి ఎక్కించాలి. యమాషితా ఎలక్ట్రానిక్స్ చదువు అక్కడ అక్కరకొచ్చి ఉంటుంది. బొమ్మలూ, రాక్షసులూ, మెట్లూ, సంగీతమూ అంతా కలిపి ఆ ఆట పట్టిన చోటు 128 కిలోబైట్లకి లోపే. పొద్దున్నే మీ ఆడపడుచు వాట్సాప్‌లో పంపే గులాబీపువ్వు శుభోదయం అంతకంటే బరువుండవచ్చు.

మన గోదావరి జిల్లాలవాళ్ళకి ఇది అర్థం కావడం కష్టం కాదు. బుర్రకథ చూసినవాళ్ళం. కథకుడి భుజాన తంబురా, వేళ్ళకి అందెలు, అటొకరూ ఇటొకరూ డక్కీలతో వంతలు. ముగ్గురంటే ముగ్గురే మనుషులు. అల్లూరి సీతారామరాజు కథ ఎత్తుకుంటే యుద్ధమూ వాళ్ళే, గుర్రాలూ వాళ్ళే, తల్లి ఏడుపూ వాళ్ళే. జంగారెడ్డిగూడెంలో ఉన్న మాకు మన్యం అడవులు ఎంతో దూరం కావు. ఆ ఉన్న దూరాన్ని కూడా ముగ్గురు మనుషులు ఒక్క రాత్రిలో చెరిపేసేవారు. గొంతులు తక్కువ కావడం వల్ల కథ చిన్నదైపోదు, ప్రతి గొంతుకీ పని పెరుగుతుంది.

గొంతుల కరువు కంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. సినిమా పాట ఎప్పుడు ముగుస్తుందో కట్టేవాడికి తెలుసు. ఆట పాటకి ఆ అదృష్టం లేదు. ఆడేవాడు నేర్పరైతే రెండు నిమిషాల్లో ఆ అంకం దాటిపోతాడు. చేతకానివాడైతే సాయంత్రం దాకా అక్కడే చచ్చి బతుకుతూ ఉంటాడు. నిమిషంపాటి ముక్క తిరిగి తిరిగి మోగుతూనే ఉండాలి. వందోసారి విన్నా విసుగు పుట్టకూడదు. 'నన్ను విను' అని చెయ్యి పట్టుకుని లాగకూడదు. చేస్తున్న పనికి ఊపు మాత్రం ఇవ్వాలి. ఇలాంటి సంగీతం మనకి ఉందా?

ఉంది. రోకలి పట్టినవాళ్ళకీ, తిరగలి తిప్పినవాళ్ళకీ తెలుసు. దంపుళ్ళ పాట ఎక్కడ ముగియాలో రోట్లో ఉన్న ధాన్యం చెబుతుంది, పాట చెప్పదు. వరస చిన్నదిగా ఉంటుంది. ఊపిరి బిగబట్టి వదిలే లెక్కకి సరిపోతుంది. చివరి మాట నోట్లో ఉండగానే మొదటి మాట అందుకుంటుంది, అతుకు ఎక్కడ వేశారో కనిపెట్టలేం. ఉయ్యాలపాటకి కూడా హద్దు పిల్లవాడి నిద్రే. మా ఊరి చుట్టుపక్కల పొగాకు బ్యారన్ల దగ్గర కర్రలకి ఆకు కట్టే ఆడవాళ్ళు పాడుకునే వరసలు నేను విన్నాను. పాట ఆగితే చేతులూ నెమ్మదిస్తాయి. మళ్ళీ ఎవరో ఒకరు ఎత్తుకుంటారు, చేతులు మళ్ళీ పరుగందుకుంటాయి. అలాంటి పాటని తెచ్చి త్యాగరాజ కీర్తన పక్కన నిలబెట్టి, 'ఇందులో సంగతులు లేవు, ఆలాపన లేదు' అని మార్కులు తగ్గిస్తే ఎంత అన్యాయమో, ఆట సంగీతాన్ని సినిమా పాట తక్కెడలో వేసి తూచడం అంత అన్యాయం. చేతులు ఖాళీ లేనివాళ్ళ కోసం కట్టిన సంగీతం ఇది. దాని కొలత వేరు.

పోలిక అక్కడితో ఆగకపోవడమే నన్ను బాధపెడుతోంది. దంపుళ్ళ పాటలకి కర్త పేరుండదు. నేదునూరి గంగాధరంగారు, బిరుదురాజు రామరాజుగారు వంటి పెద్దలు శ్రమపడి పల్లెపాటలు పోగుచేసి పెట్టబట్టి ఇవాళ మనకి అవి దక్కాయి. వారి పేర్లు మనకి తెలుసు, తెలియాలి కూడా. ఆ వరసలు మొట్టమొదట కట్టిన తల్లులెవరో అడుగుదామంటే చెప్పేవాళ్ళు లేరు. యమాషితా కాలానికి అచ్చు ఉంది, కంప్యూటరు ఉంది, జీతాల పుస్తకంలో ఆమె పేరూ ఉండే ఉంటుంది. ఐనా ఆట చివర జేమ్స్ బనానాయే మిగిలాడు.

ఈ సంగీతాన్ని నేను మొదట విన్నది గోడ అవతలి నుంచి. 1990లలో టీవీకి తగిలించుకునే ఆటపెట్టెలు మా ఊళ్ళోకీ వచ్చాయి. మా మామయ్య మా తమ్ముడికి ఒకటి కొనిపెట్టాడు. వాడూ, వాడి స్నేహితులూ ముందు గదిలో. అమ్మా, నేనూ వంటింట్లో. "ఉండక్కా, ఇది అయిపోగానే నీకిస్తా" అనేవాడు. అది ఎప్పుడూ అయిపోలేదు. అలా బొమ్మ చూడకుండానే మారియో పాటలన్నీ నాకు వచ్చేశాయి. మారియో నేల కిందికి దిగాడో, నీళ్ళలో పడ్డాడో చెవితోనే తెలిసిపోయేది. నీళ్ళలో పాట మూడేసి మాత్రలుగా ఊగుతుంది, దొరల వాల్ట్‌జ్ నాట్యంలాగా. ఆ లెక్కకి నేను చపాతీలు ఒత్తేదాన్ని. అందుకని ఈ సంగీతం మీద మాట్లాడే హక్కు ఆడినవాళ్ళ కంటే వంటింట్లోంచి విన్నవాళ్ళకి ఒక పిసరు ఎక్కువే ఉందని నా వాదన. వాళ్ళ ధ్యాసంతా ఆట మీద. మాకు వినపడింది సంగీతం ఒక్కటే.

కాసిల్‌వేనియా మాత్రం చాలా ఏళ్ళ తర్వాత మా అమ్మాయి ఫోనులో దొరికింది. తొలి అంకం పాటకి తర్వాత వచ్చిన ఆల్బముల్లో 'వాంపైర్ కిల్లర్' అని పేరు. దయ్యాల కోట అనగానే మన సినిమాల్లో ఏం వినిపిస్తుందో మీకు తెలుసు. కీచుమనే వయొలిన్లు, ఎక్కడో కుక్క ఏడుపు, తలుపు కిర్రు. ఈ అమ్మాయిలు ఆ జోలికే పోలేదు. అడుగు స్వరం గుర్రపు డెక్కల్లా పరుగుతీస్తుంది. పైన రాగం దానితో బుద్ధిగా నడవకుండా, తాళం పడవలసిన చోటికి కాస్త ముందో వెనకో పడుతుంది. ఆ ఎగుడుదిగుడులో భయమూ ఉంది, భయాన్ని లెక్కచెయ్యని పొగరూ ఉంది. భయపెట్టే పని బొమ్మ చూసుకుంటుంది. ఆడేవాడు గుమ్మం దగ్గరే బిక్కచచ్చి నిలబడిపోకుండా చూడడం పాట పని. పాటకి ఏ పని అప్పజెప్పాలో ఇంత స్పష్టంగా తెలిసిన సంగీత దర్శకులు మన పెద్ద సినిమాల్లో కూడా తక్కువే.

నాకు అంతకంటే నచ్చింది మూడో అంకంలోని 'వికెడ్ చైల్డ్'. రెండు గొంతులూ మేడ మీద పిల్లల్లా ఒకదాన్నొకటి తరుముకుంటాయి. పాత ఐరోపా చర్చి సంగీతపు గాంభీర్యం ఒక పక్క, వీధిపిల్లల అల్లరి ఒక పక్క. రెండూ ఒక్క నిమిషంలో ఇమిడాయి. ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చి కలిసినప్పుడు, ఎత్తిన చెయ్యి దించకుండా మెలికల ముగ్గు ముగించినట్టుంటుంది. చివరి అంకాలకి వచ్చేసరికి వేగం పెరిగి రాగం పల్చబడిందనిపించింది నాకు. పరుగెత్తేవాడికి అది చాలునేమో కానీ, వంటింట్లో వినేదాన్ని, నాకు చాలలేదు.

ఇంతమంది ఆడపిల్లలు ఆ పనిలోకి ఎలా వచ్చారని మీకు అనుమానం రావచ్చు. పెళ్ళిచూపులకి పనికొస్తుందని మన ఇళ్ళలో వీణో వయొలినో నేర్పించినట్టే, జపాను మధ్యతరగతి ఇళ్ళలో ఆడపిల్లలకి పియానో నేర్పించేవారు. పెద్ద చదువు చదివితే ముందున్నది పియానో టీచరమ్మ ఉద్యోగం. 1988లో ఒసాకా సంగీత కళాశాలలో చదువు ముగించిన యోకో షిమోమురా కూడా ఆ దారినే పోబోయి, కాప్‌కామ్ అనే ఆటల కంపెనీలో చేరింది. 1991లో వచ్చిన 'స్ట్రీట్ ఫైటర్ 2' పాటలు చాలావరకు ఆమెవే. ఆ ఆటలో ఆమె పేరు 'షిమో-పి'. అదే కంపెనీలో 1987లో 'మెగా మ్యాన్'కి సంగీతం కట్టిన మనామి మత్సుమాయె పేరు 'చాంచాకోరిన్ మనామి' అని పడింది. ముద్దుపేర్లనుకోండి, ఏదో ఒకటి. వీళ్ళ కంటే ముందే, 1982లో నామ్కో కంపెనీ ఆట 'డిగ్ డగ్'కి యురికో కేనో చేసిన పని చూడండి. నేల తవ్వుకుంటూ పోయే ఆ బుల్లిమనిషి నడిచినంతసేపే పాట వినిపిస్తుంది. ఆగితే పాటా ఆగుతుంది. కాలికి గజ్జె కట్టినట్టు! సంగీతాన్ని ఆట వెనక తెరలా వేలాడదియ్యకుండా ఆడేవాడి కాలికే కట్టెయ్యడమన్నది ఎంత చక్కటి ఊహ.

యమాషితా 1989లో కొనామీ ఉద్యోగం వదిలేసి స్వతంత్రంగా పని చేసుకుంది. 1991లో 'పవర్ బ్లేడ్', 1995లో 'మెగా మ్యాన్ ఎక్స్ 3', 1997 నుంచి 'మెదారోట్' వరస. నిజం చెప్పాలంటే ఇవేవీ ఆ మొదటి కోట ఎత్తుకి రాలేదు. 'ఎక్స్ 3' నాటికి యంత్రాలు పెద్దవయ్యాయి, గొంతులు పెరిగాయి, గిటారు చప్పుడు కూడా పలికించవచ్చు. పలికించారు కూడా, ఆపకుండా. వంద చీరలున్న బీరువా ముందు నిలబడి ఏం కట్టుకోవాలో తోచని మనిషిలా అనిపిస్తుంది ఆ సంగీతం. తొలి నవలకి పేరొచ్చాక మిగతా జీవితమంతా 'అలాంటిదే ఇంకొకటి రాయండి' అని అడిగించుకునే అవస్థ మా రచయిత్రులకి తెలుసు. యమాషితా అవస్థ ఇంకా విచిత్రం. ఆ తొలి నవల ఆమెదని ఆట చెప్పలేదు, అలాంటిదే మళ్ళీ చెయ్యమని ఆమెనే అడగాలని పాఠకులకి తెలియనూ లేదు.

ఈమధ్య లోకం కొంచెం కళ్ళు తెరిచింది. 2021 జూలైలో టోక్యో ఒలింపిక్స్ ఆరంభోత్సవంలో దేశదేశాల క్రీడాకారులు, మనవాళ్ళతో సహా, నడిచి వచ్చింది ఆటల సంగీతానికే. అందులో షిమోమురా పాటలూ ఉన్నాయి. మన 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చిన 2023లోనే కొండో మారియో పాటని అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాచిపెట్టవలసిన ధ్వనుల పట్టికలో చేర్చింది. ఆ ఏడాదే గ్రామీ అవార్డుల్లో ఆట సంగీతానికి విడిగా ఒక బహుమతి పెడితే, మొట్టమొదటిది స్టెఫనీ ఎకనామూ అనే ఆవిడకి వెళ్ళింది. సొంత పేరుతో. మన తెలుగు సినిమా సంగతికొస్తే, సంగీత దర్శకురాళ్ళని లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు చాలు, ఇంకా మిగులుతాయేమో కూడా. 1954 నాటి 'చక్రపాణి'కి సంగీతం కూర్చిన భానుమతిగారు, 1990లలో కొవ్వూరు మూలాలున్న కుటుంబం నుంచి వచ్చిన ఎం.ఎం.శ్రీలేఖ... తర్వాత కాస్త ఆగి ఆలోచించాలి. పియానో నేర్చిన అమ్మాయిలు అక్కడ ఆటల కంపెనీల్లో చేరితే, వీణ నేర్చిన మన అమ్మాయిల వీణలు పెళ్ళయ్యాక అటక మీదికి చేరాయి. ఏ ఇంట్లో చూసినా గుడ్డ కప్పిన వీణ ఒకటి కనిపిస్తుంది.

ఇప్పుడు కోట పాటలకి యమాషితా పేరు అందరూ చెబుతున్నారు. తెరాషిమా పేరు ఇంకా పక్కనుంచే వినిపిస్తోంది.

వినాలనిపిస్తే యూట్యూబులో దొరుకుతాయి. కానీ కచేరీకి కూర్చున్నట్టు చేతులు కట్టుకుని కూర్చుని వినకండి, పది సెకన్లలో విసుగేస్తుంది. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనో, బియ్యం ఏరుకుంటూనో వినండి. పాట ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టకండి. గిన్నె నిండాక చూసుకోవచ్చు. వెతికేటప్పుడు యమాషితా పేరుతో పాటు తెరాషిమా పేరు కూడా కొట్టండి. జేమ్స్ బనానా అని కొట్టినా దొరుకుతుంది లెండి.